ఎకరం రొయ్యల గుంట: ఆవరణ వ్యవస్థా కణమూ ఒకేచోట

కణం ఒక పాఠంలో, ఆవరణ వ్యవస్థ ఇంకో పాఠంలో వస్తాయి. మధ్యలో నెలలు గడుస్తాయి, ఒక్కోసారి తరగతే మారిపోతుంది. దాంతో ద్రవాభిసరణం (పొర గుండా నీరు పలచని వైపు నుంచి గాఢమైన వైపుకు పోవడం) అంటే ఉల్లిపొర, ఆహారపు గొలుసు అంటే గడ్డి, మిడత, కప్ప, పాము అని పిల్లల మనసులో రెండు వేర్వేరు అరలు ఏర్పడతాయి. పరీక్షకు అది చాలు, విషయం అర్థం కావడానికి మాత్రం చాలదు. నీటిలో ఆక్సిజన్ తగ్గినా, ఉప్పు పెరిగినా, అమ్మోనియా పేరుకున్నా ఆ దెబ్బ చివరికి తగిలేది కణాన్ని చుట్టి ఉండే పలచని పొర, కణత్వచం దగ్గరే. కోటానుకోట్ల కణాలు చేసే పనే మళ్లీ ఆ నీటి గుణాన్ని మారుస్తుంది. పాఠాలు రెండైనా సంగతి ఒక్కటే.

నెల్లూరు జిల్లాలో ముత్తుకూరు, విడవలూరు, ఇందుకూరుపేట వైపు, ప్రకాశంలో కొత్తపట్నం, సింగరాయకొండ వైపు ఉండే పిల్లలకు దీన్ని చూపించడానికి రొయ్యల గుంటను మించినది లేదు. గట్టు ఉంది కాబట్టి హద్దులు స్పష్టం. లోపలికి ఏం పోతోందో, బయటికి ఏం వస్తోందో లెక్క రాసే రైతు ఉన్నాడు. అడవిలోనో సముద్రంలోనో కొలవలేనివి ఇక్కడ రోజూ కొలుస్తారు.

ముందుగా పిల్లలు ఎక్కువగా కలగాపులగం చేసే నాలుగు మాటలు. గుంటలో ఉన్న వెనామి రకం రొయ్యలన్నీ కలిపి ఒక జనాభా. ఒకే జాతి, ఒకే చోటు, ఒకే కాలం అనే మూడు షరతులూ కుదిరితేనే జనాభా అనాలి. ఎకరానికి లక్ష పిల్ల వదిలితే, ఎకరమంటే 4,047 చదరపు మీటర్లు గనుక, జనసాంద్రత చదరపు మీటరుకు సుమారు 25. అదే గుంటలో టైగర్ రొయ్య కూడా ఉంటే అది రెండో జనాభా. 'రొయ్యల జనాభా' అని రెండింటినీ కలిపి రాస్తే తప్పు. రొయ్యలు, నీటిలోని శైవలాలు, నీటిలో తేలే చిన్న జంతువులైన జంతు ప్లవకాలు, పీతలు, అడుగు బురదలోని బ్యాక్టీరియా, గట్టున కాపు కాసే కొంగ, ఇవన్నీ కలిస్తే జీవసముదాయం. వాటికి నీరు, ఉప్పు, ఎండ, బురద, కరిగిన ఆక్సిజన్ కూడా చేరిస్తే ఆవరణ వ్యవస్థ. సముదాయంలో నిర్జీవ అంశాలుండవు, ఆవరణ వ్యవస్థలో ఉంటాయి. తేడా అంతే. ఆవరణ వ్యవస్థ అన్న భావనకు ఆ పేరు పెట్టింది ఆర్థర్ టాన్స్‌లే, 1935లో.

ఆవాసానికీ నిచ్‌కీ తేడా చెప్పడానికి ఆ రెండు రొయ్యలే చాలు. ఆవాసం రెండింటికీ అదే ఉప్పునీటి గుంట. టైగర్ రొయ్య ఎక్కువగా అడుగునే తిరిగి మేత వెతుక్కుంటుంది. వెనామి అడుగుతో పాటు మధ్య నీటిలోనూ ఈదుతూ తింటుంది. చదరపు మీటరుకు వెనామిని ఎక్కువగా వదలగలగడానికి ఇదొక కారణం. ఎక్కడ ఉంటుందన్నది ఆవాసం. అక్కడ ఏం తింటుంది, దాన్ని ఏది తింటుంది, ఎప్పుడు తిరుగుతుంది, ఏ పరిస్థితిని తట్టుకుంటుంది అన్నవన్నీ కలిస్తే నిచ్.

ఇక ఉత్పత్తిదారులు. గుంట నీటికి రంగు ఇచ్చేవి అవే. గోధుమ ఛాయ ఉంటే డయాటమ్‌లనే ఒక రకం శైవలాలు, లేత ఆకుపచ్చ అయితే ఆకుపచ్చ శైవలాలు ఎక్కువని సాధారణంగా అంచనా వేస్తారు. నీలి ఛాయ తిరిగిన ముదురు ఆకుపచ్చ కనిపిస్తే నీలి ఆకుపచ్చ శైవలాలు పెరిగాయని రైతు జాగ్రత్త పడతాడు. ఈ మూడో రకాన్ని శైవలాలని పిలుస్తున్నా అవి నిజానికి బ్యాక్టీరియా. వాటికి కేంద్రకమూ లేదు, హరితరేణువులూ లేవు. పత్రహరితం వాటి కణద్రవ్యంలోని పొరల మీదే ఉంటుంది. కిరణజన్యసంయోగక్రియకు హరితరేణువు తప్పనిసరి అని రాసే విద్యార్థి ఇక్కడే మార్కు పోగొట్టుకుంటాడు.

ఉత్పత్తిదారులు ఎంత ఉన్నాయో తెలుసుకోవడానికి సెక్కీ డిస్క్ వాడతారు. బడిలోనే చేసుకోవచ్చు. 20 సెంటీమీటర్ల వ్యాసమున్న రేకు మూతను నాలుగు భాగాలు చేసి నలుపు, తెలుపు మార్చి మార్చి రంగు వేయాలి. మధ్యలో రంధ్రం పెట్టి తాడు కట్టి, కింద బరువు వేలాడదీసి, తాడు మీద ప్రతి 5 సెంటీమీటర్లకు ఒక గుర్తు పెట్టాలి. ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 2 మధ్య పెద్దవాళ్ల తోడుతో నీటిలోకి దించి, పలక కనుమరుగైన లోతు, పైకి లాగుతుంటే మళ్లీ కనిపించిన లోతు రాసుకుని సగటు తీయాలి. 30–40 సెంటీమీటర్లు వస్తే ప్లవకాలు (ఇక్కడ నీటిలో తేలే సూక్ష్మ శైవలాలు) తగినంత ఉన్నట్టు. 20కి దిగితే మితిమీరినట్టు. 60 దాటితే నీరు పలచబడి, ఎండ అడుగుకు చేరి, అక్కడ పాచి పడుతుంది. వాన తర్వాత కొలిస్తే మాత్రం మోసపోతారు, బంకమట్టి కలిసిన నీటిలోనూ అదే అంకె వస్తుంది. గాజు గ్లాసులో నీరు పట్టి రాత్రంతా కదపకుండా ఉంచితే మట్టి చాలావరకు అడుగుకు దిగుతుంది. ప్లవకాల రంగు నీటిలోనే నిలుస్తుంది.

ఆక్సిజన్ దగ్గర కాసేపు ఆగాలి. ఈ పాఠం మొత్తానికి ఆయువుపట్టు అదే. ఎకరం గుంటలో ఒకటిన్నర మీటరు, అంటే సుమారు ఐదడుగుల లోతు నీరు ఉంటే మొత్తం 6,000 ఘనపు మీటర్లు. లీటరుకు 5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉందనుకుంటే గుంట మొత్తానికి ఉన్నది 30 కిలోలు. ఆరు మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు ఉన్న తరగతి గది గాలిలోనూ దాదాపు అంతే ఆక్సిజన్ ఉంటుంది. అంటే లక్ష రొయ్యలు, వాటితో పాటు లెక్కలేనన్ని సూక్ష్మజీవులు ఒక్క గది గాలికి సరిపడా ఆక్సిజన్‌తో బతకాలి. పైగా నీరు వేడెక్కే కొద్దీ, ఉప్పు పెరిగే కొద్దీ ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది. 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర మంచినీటిలో లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాములు కరిగితే, అదే వేడిలో సముద్రపు నీటిలో 6.2 మాత్రమే.

పగలు ప్లవకాలు ఆక్సిజన్ విడుదల చేస్తాయి. మధ్యాహ్నం 2–4 గంటలకు అది గరిష్ఠం. పొద్దు గూకాక తయారీ ఆగిపోతుంది, ఖర్చు ఆగదు. రొయ్యా ప్లవకమూ బ్యాక్టీరియా అన్నీ శ్వాసిస్తూనే ఉంటాయి. అందుకే తెల్లవారుజామున, సూర్యోదయానికి ముందు, ఆక్సిజన్ అట్టడుగుకు చేరుతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల పైన ఉంచాలని చూస్తారు. 3 కన్నా దిగితే రొయ్యలు మేత మానేస్తాయి, ఇంకా దిగితే నీటి పైకి వచ్చి అంచుల వెంట తిరుగుతాయి. రాత్రుళ్లు కరెంటు పోతే రైతు జనరేటర్ వైపు పరుగెత్తేది నీటిని చిలికి గాలి కలిపే ఏరేటర్ల కోసమే. 'మొక్కలు పగలు కిరణజన్యసంయోగక్రియ, రాత్రి శ్వాసక్రియ జరుపుతాయి' అన్న వాక్యం జవాబు పత్రాల్లో తరచూ కనిపిస్తుంది. అది తప్పు. శ్వాసక్రియ ఇరవైనాలుగు గంటలూ జరుగుతుంది, వెలుగున్నప్పుడు దానికి కిరణజన్యసంయోగక్రియ తోడవుతుంది. కేంద్రకమున్న శైవల కణంలో హరితరేణువూ మైటోకాండ్రియానూ రెండూ ఉండటానికి కారణం ఇదే. అలాంటి కణం తయారుచేసిన చక్కెరను విడగొట్టి, కణానికి శక్తిని అందించే ఏటీపీ అనే అణువు రూపంలో ఎక్కువ శక్తిని తీసుకునేది మైటోకాండ్రియాలోనే.

రెండు మూడు రోజులు మబ్బు పట్టిందంటే గుంటలో ఏం జరుగుతుందో ఇప్పుడు ఊహించవచ్చు. ప్లవకాలు ఆహారం చేసుకోలేక ఒక్కసారిగా చచ్చిపోతాయి. నీరు తేటపడుతుంది, చూడటానికి బాగానే ఉంటుంది. చచ్చిన ప్లవకాలను కుళ్లబెట్టే పనిలో విచ్ఛిన్నకారులు మిగిలిన ఆక్సిజన్‌ను వాడేస్తాయి. తయారుచేసేవి పోయాయి, వాడేవి పెరిగాయి. నీరు ఉన్నట్టుండి తేరుకున్న రోజే ఏరేటర్లు ఎక్కువసేపు తిప్పాలనడం ఇందుకే.

మేత లెక్క దగ్గర పదిశాతం నియమం పరీక్షకు నిలుస్తుంది. ఒక పోషక స్థాయి (ఆహారపు గొలుసులో ఒక మెట్టు) నుంచి పై స్థాయికి సగటున పదో వంతు శక్తే చేరుతుందన్నది రేమండ్ లిండెమన్ 1942లో చేసిన పరిశీలనల నుంచి వచ్చిన నియమం. గుంట దగ్గరికి వెళ్తే 1.4 కిలోల మేతకు కిలో రొయ్య వస్తుందని చెబుతారు. పదిశాతం ఏమైంది? ఇక్కడ రెండు విషయాలు విడదీయాలి. మేత ఎండు సరుకు. రొయ్యలో దాదాపు నాలుగింట మూడొంతులు నీరే, కిలో రొయ్యలో ఎండు పదార్థం పావు కిలో. 1,400 గ్రాములకు 250 గ్రాములంటే 18 శాతం దాకా వస్తుంది. ఇంకొకటి, పదిశాతం అనేది ప్రకృతిలో తిన్నదీ తినకుండా వదిలిందీ అరగనిదీ అన్నీ కలిపి చూసిన సగటు. రొయ్యకు సరిపడేలా పొడి చేసి, మాంసకృత్తులు కొలిచి, పూటకింతని వేసే మేతతో ఆ సగటు కన్నా మెరుగ్గా రావడంలో వింత లేదు. మిగిలిన శక్తి ఎక్కడికీ మాయం కాలేదు. ఈదడానికి, పాత పెంకు విడిచి కొత్తది కట్టుకోవడానికి, ఉప్పును అదుపులో పెట్టుకోవడానికి ఖర్చయి వేడిగా నీటిలో కలిసింది, కొంత మలంగా అడుగు చేరింది.

ఆహారపు గొలుసు గీసేటప్పుడు బాణం గుర్తు శక్తి వెళ్లే వైపు చూపాలి, అంటే తినే జీవి వైపు. వృక్ష ప్లవకం → జంతు ప్లవకం → చిన్న చేప → కొంగ. రొయ్యల గుంట గొలుసులో ఒక చిక్కుంది. వెనామి తినే మేతలో పెద్ద భాగం సోయా, గోధుమ పిండి, చేపల పొడి. అంటే దాన్ని పోషించే ఉత్పత్తిదారులు చాలావరకు గుంట బయట, ఎక్కడో సోయా చేలలోనూ సముద్రంలోనూ ఉన్నాయి. సహజ ఆవరణ వ్యవస్థకూ కృత్రిమ ఆవరణ వ్యవస్థకూ తేడా రాయమంటే 'మనిషి తయారుచేసినది' అని ఊరుకోకుండా ఇది రాయాలి. కృత్రిమ వ్యవస్థకు శక్తి, పదార్థం బయటి నుంచి అందిస్తూనే ఉండాలి, ఆపితే అది నిలవదు.

బయటి నుంచి వచ్చింది బయటికి పోకపోతే పేరుకుంటుంది. గుంటలో టన్ను రొయ్య ఉందని, రోజుకు 30 కిలోల మేత వేస్తున్నారని అనుకుందాం. అందులో 35 శాతం మాంసకృత్తులు, అంటే పదిన్నర కిలోలు. మాంసకృత్తుల్లో 16 శాతం నత్రజని కాబట్టి రోజుకు దాదాపు 1.7 కిలోల నత్రజని గుంటలోకి దిగుతోంది. రొయ్య ఒంట పట్టేది అందులో పావు నుంచి మూడో వంతు. మిగిలిన కిలో పైచిలుకు నీటిలోకీ బురదలోకీ చేరుతుంది, చాలావరకు అమ్మోనియాగా. నత్రజని వలయం గీతలుగా నేర్చుకున్న పిల్లలకు ఇక్కడ అది అంకెల్లో కనిపిస్తుంది. నైట్రోసోమోనాస్ బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రోబ్యాక్టర్ వంటివి నైట్రైట్‌ను నైట్రేట్ చేస్తాయి. నైట్రేట్‌ను ప్లవకాలు పీల్చుకుంటాయి. ఈ మార్పు రెండు మెట్లకూ ఆక్సిజన్ కావాలి. గుంటలో బెల్లం పులియబెట్టి చల్లే అలవాటు వెనకున్నదీ ఇదే లెక్క. చక్కెర దొరికిన బ్యాక్టీరియా వేగంగా పెరుగుతూ తమ కణాలు కట్టుకోవడానికి కావాల్సిన నత్రజనిని నీటిలోని అమ్మోనియా నుంచి లాక్కుంటాయి. అలా పెరిగే బ్యాక్టీరియా ఆక్సిజన్ కూడా వాడతాయి కనుక బెల్లం ఎక్కువ చల్లి ఏరేటర్లు తక్కువ తిప్పితే అసలుకే మోసం.

అమ్మోనియా నీటిలో రెండు రూపాల్లో ఉంటుంది: విద్యుదావేశం లేని అమ్మోనియా, ఆవేశమున్న అమ్మోనియం అయాన్. కణత్వచం కొవ్వుల పొర. ఆవేశం లేని చిన్న అణువు దాని గుండా వ్యాపనం చెంది సులువుగా లోపలికి దూరుతుంది. ఆవేశమున్న అయాన్‌కు అలా దారి దొరకదు, దానికి ప్రత్యేక ప్రోటీన్ మార్గాలు కావాలి. విషం ఎక్కించేది ముఖ్యంగా మొదటి రూపం. పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణపు కొలత) పెరిగే కొద్దీ ఆ రూపం వాటా పెరుగుతుంది. ప్లవకాలు దట్టంగా ఉన్న గుంటలో మధ్యాహ్నానికి అవి కార్బన్ డయాక్సైడ్ అంతా లాగేసుకోవడంతో పీహెచ్ ఎగబాకుతుంది. ఉదయం హాని చేయని అమ్మోనియా మొత్తమే మధ్యాహ్నం మూడింటికి ప్రమాదం అవుతుంది. 'కణత్వచం విచక్షణా పారగమ్యత కలిగి ఉంటుంది' అని బట్టీపట్టే వాక్యానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

ఉప్పు సంగతి కూడా పొర దగ్గరిదే. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది, రైతు దీన్ని 35 పీపీటీ అంటాడు. వెనామి శరీర ద్రవం గాఢత దాదాపు 25 పీపీటీ నీటితో సమానం. ఆ దగ్గర్లో ఉన్న నీరు దానికి సమగాఢత ద్రావణం, నీటి రాకపోకలు సరితూగుతాయి. నీరు 5 పీపీటీకి పలచబడితే అది అల్పగాఢత, మొప్పల గుండా నీరు లోపలికి చొరబడుతుంది. రొయ్య కణానికి మొక్క కణానికి ఉన్నట్టు గట్టి బయటి గోడ, అంటే కణకవచం లేదు, ఉబ్బుతూ పోతే పగలాల్సిందే. అందుకే మొప్ప కణాలు నీటిలోని లవణాలను పనిగట్టుకుని లోపలికి పంపు చేస్తాయి. ఆ పంపుకు ఏటీపీ కావాలి కాబట్టి మొప్పల్లో ఈ పని చేసే కణాలు మైటోకాండ్రియాతో కిక్కిరిసి ఉంటాయి. వెనామి 1 పీపీటీ లోపు నుంచి 40 దాటిన నీటి దాకా బతకగలదు, అయితే అంచులకు వెళ్లే కొద్దీ పెరుగుదలకు పోవాల్సిన శక్తి పంపులకే పోతుంది.

నెల్లూరు, ప్రకాశం తీరాలకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన. వాయుగుండం పట్టి ఒక్క రాత్రి కుండపోతగా కురిస్తే మంచినీరు తేలిక గనుక పైన తేలుతుంది, ఉప్పునీరు కింద ఉండిపోతుంది. రెండు పొరలూ కలవక అడుగున ఆక్సిజన్ అందదు. రొయ్యలు ఎక్కువగా ఉండేది అడుగునే. తూములో పై పలకలు తీసి పైనీరు వదిలేయడం, ఏరేటర్లతో పొరలు కలపడం అప్పటి పని. సీడ్, అంటే రొయ్య పిల్లలను, వదిలేటప్పుడు సంచులను గుంట నీటిపై కాసేపు తేలనిచ్చి, తర్వాత గుంట నీటిని కొద్దికొద్దిగా సంచిలోకి పోయడం కూడా పంపులకు సర్దుకునే వ్యవధి ఇవ్వడానికే.

గుంటను ఆనుకున్న వరి చేలో ఇదే ద్రవాభిసరణం తిరగబడి కనిపిస్తుంది. ఉప్పు ఊట దిగిన మడిలో నీరు నిలిచి ఉన్నా ఆకు కొసలు ఎండుతాయి. వేరు చుట్టూ ఉన్న ద్రావణం గాఢంగా ఉంటే వేరు కణాలు నీటిని లాగలేవు. కృష్ణపట్నం దగ్గర ఉప్పునీటి పాయల వెంట పెరిగే మడచెట్లు అదే ఉప్పులో నిలబడతాయి. వాటి ఆకుల మీద ఉప్పును బయటికి నెట్టే గ్రంథులున్నాయి, ఎండలో ఆకు వెనుక చేత్తో తుడిస్తే ఉప్పు పొడి తగులుతుంది.

రోగాల దగ్గర కణ రకాలు బాగా తెలిసొస్తాయి. రొయ్యలకు వైట్ స్పాట్ అనే రోగం తెచ్చేది వైరస్, అది కణమే కాదు. రొయ్య కణం కేంద్రకంలోకి చేరి అక్కడే తన డీఎన్‌ఏ నకళ్లు తీయించుకుంటుంది. విబ్రియో అనేది బ్యాక్టీరియా, కేంద్రకం లేని కేంద్రకపూర్వ కణం. ఈహెచ్‌పీ అనేది శిలీంధ్రాలకు దగ్గరి సూక్ష్మజీవి, కేంద్రకమున్న నిజకేంద్రక కణం. దాని సిద్ధబీజం సన్నని గొట్టంతో రొయ్య జీర్ణగ్రంథి కణాన్ని పొడిచి లోపలి సరుకును కణద్రవ్యంలోకి ఎక్కిస్తుంది. శక్తి తయారుచేసుకునే ఏర్పాటు తనకు లేక ఆ కణం చేసుకున్న ఏటీపీనే తినేస్తుంది. అందుకే వైట్ స్పాట్‌లో మూకుమ్మడిగా చస్తే, ఈహెచ్‌పీలో రొయ్యలు చావకుండా ఎదుగు ఆగి సైజులు పొట్టీ పొడుగూ అవుతాయి. యాంటీబయోటిక్‌లలో చాలావాటికి గురి బ్యాక్టీరియాలో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోము. అది 70ఎస్ రకం, మన కణద్రవ్యంలోనూ రొయ్య కణద్రవ్యంలోనూ ఉన్నది 80ఎస్. వైరస్‌కు రైబోజోమే లేదు, కనుక వైట్ స్పాట్‌కు యాంటీబయోటిక్ చల్లడం డబ్బు దండగ. 70ఎస్‌ను పట్టే క్లోరాంఫెనికాల్ అయితే రొయ్యల సాగులో నిషిద్ధం. దాని అవశేషాలు దొరికితే ఎగుమతి సరుకు వెనక్కి వస్తుంది.

గుంట దగ్గర జరిగేది పొర దగ్గర చూడాలంటే బడిలో ఎర్ర ఉల్లిగడ్డ చాలు. రసమున్న పొరపై వెలుపలి వైపు ఉన్న ఊదారంగు పలచని పొర తీయాలి, ఆ రంగు కణం లోపలి రసపు సంచి అయిన రిక్తికలో ఉంటుంది కాబట్టి వేరే రంజకం అక్కర్లేదు. చుక్క నీటిలో పరిచి, కవర్ స్లిప్‌ను సూదితో ఏటవాలుగా ఆనించి మెల్లగా దించాలి. ఒక్కసారిగా పడేస్తే గాలి బుడగలు చిక్కుతాయి. గుండ్రంగా, నల్లటి దళసరి అంచుతో కనిపించేవి బుడగలే, వాటిని కణాలని గీసేవాళ్లు చాలామంది. ఒక పక్క 100 మిల్లీలీటర్ల నీటిలో 8–10 గ్రాముల ఉప్పు కలిపిన ద్రావణం రెండు చుక్కలు వేసి, ఎదురు పక్క వడపోత కాగితం ఆనిస్తే ఆ ద్రావణం కవర్ స్లిప్ కిందికి లాగబడుతుంది. మూడు నుంచి ఐదు నిమిషాల్లో ఊదారంగు ముద్ద కుంచించుకుని గోడ నుంచి విడిపోతుంది. గోడ మాత్రం కదలదు. విడిపోయిన ఆ ఖాళీలో ఉన్నది గాలి కాదు, ఉప్పునీరు, ఎందుకంటే కణకవచం ఉప్పును ఆపదు, ఆపేది కణత్వచం. పొర చిరిగిన అంచుల్లో రంగు పోయిన కణాలు ఎంతసేపు చూసినా కదలవు, అవి ముందే చచ్చినవి. మధ్య భాగాన్నే చూడాలి. ఇప్పుడు అదే పద్ధతిలో మంచినీరు ఎక్కిస్తే రంగు మళ్లీ గోడ దాకా పరుచుకుంటుంది. ఉప్పులో చాలాసేపు వదిలేస్తే కొన్ని కణాలు తిరిగి రావు, వాటి త్వచం పాడై రంగు బయటికి కారిపోయి ఉంటుంది.